మూత తీస్తే గుప్పుమంటుంది, వెలిగిస్తే ఏమీ రాదు: ఇంట్లో పోసిన కొవ్వొత్తి వాసన సరిచేసుకోవడం ఎలా

గాజు డబ్బా మూత తీయగానే మల్లెల బుట్ట ముందు కూర్చున్నట్టు ఉంటుంది. వెలిగించి గంట గడిచాక అదే గదిలోకి వస్తే మైనం కాలుతున్న వాసన తప్ప ఏమీ తెలియదు. ఇంట్లో కొవ్వొత్తులు పోసేవాళ్లకు మొదట్లో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇది. అప్పుడు అందరూ చేసే పని ఒక్కటే, తర్వాతిసారి మైనంలో ఇంకాస్త వాసన నూనె పోయడం. దానివల్ల చాలాసార్లు వాసన పెరగకపోగా తగ్గుతుంది. లోపం సాధారణంగా నూనెలో ఉండదు, వత్తిలో ఉంటుంది.

రెండు వాసనలు, రెండు దారులు

కొవ్వొత్తి వెలిగించకముందు వచ్చే వాసనను కోల్డ్ థ్రో అనీ, వెలిగించాక గదిలో పరుచుకునే వాసనను హాట్ థ్రో అనీ ఈ పనిలో ఉన్నవాళ్లు అంటారు. ఈ తేడా మన పూజగదిలోనే ఉంది. కర్పూరం డబ్బా తెరిస్తే చాలు, నిప్పు అక్కర్లేదు. సాంబ్రాణి పలుకును చేతిలో పట్టుకుంటే వాసన అంతంతమాత్రం, నిప్పుల మీద వేస్తేనే ఇల్లంతా కమ్ముకుంటుంది. కొవ్వొత్తుల్లో వాడే ఫ్రాగ్రెన్స్ ఆయిల్‌లో కర్పూరంలా తేలిగ్గా ఎగిరిపోయేవీ ఉంటాయి, సాంబ్రాణిలా వేడి తగిలితే గానీ కదలనివీ ఉంటాయి.

నిమ్మ, నారింజ తొక్కల్లో ఉండే లిమోనీన్ 176 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. లావెండర్‌లోని లినలూల్ 198 దగ్గర, లవంగంలోని యూజినాల్ 254 దగ్గర, వెనిల్లాకు వాసన ఇచ్చే వెనిలిన్ 285 దగ్గర మరుగుతాయి. వెలుగుతున్న కొవ్వొత్తిలో కరిగిన మైనం ఈ వేడికి చేరదు. మంటకు దూరంగా అది 60 నుంచి 80 డిగ్రీల మధ్యే ఉంటుంది. అయినా దండెం మీద ఆరేసిన బట్టలో నీళ్లు మరగకుండానే ఆరిపోయినట్టు ఇవీ ఆవిరవుతాయి. తేలికవి ముందు పోతాయి, బరువైనవి నెమ్మదిగా పోతాయి. అందుకే నిమ్మ కొవ్వొత్తి మూత తీస్తే గుప్పుమని, వెలిగించిన కాసేపటికే చప్పబడుతుంది. గంధం, వెనిల్లా, లవంగం అలా కాదు. మూత తీసినప్పుడు అణిగి ఉన్నా మంట మీద నిలబడతాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వాసన మంటలోంచి రాదు. వత్తి పీల్చుకున్న మైనంతో పాటు అందులోని నూనె కూడా మంటలో కాలిపోతుంది. అలా కాలిపోయిన నూనె గదికి వాసన ఇవ్వదు. గదిలోకి వచ్చేదంతా వత్తి చుట్టూ కరిగి నిలిచిన మైనపు మడుగు పైనుంచే. ఆ మడుగు ఎంత వెడల్పుగా ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నదే హాట్ థ్రోను నడిపిస్తుంది. మడుగును నడిపించేది వత్తి.

సరుకు తెచ్చుకునేటప్పుడు

మైనం: గాజు డబ్బాల్లో పోయడానికి సోయా మైనం పెచ్చుల రూపంలో దొరుకుతుంది. 46 నుంచి 52 డిగ్రీల మధ్య కరిగే రకాలే ఎక్కువ. పారఫిన్‌లో కరిగే వేడిని బట్టి రకాలున్నాయి, ఇంటి పనికి 54 నుంచి 60 డిగ్రీలది సరిపోతుంది. పారఫిన్ త్వరగా, గట్టిగా వాసన వదులుతుంది. సోయా నెమ్మది, దానికి రోజులు ఇవ్వాలి. తేనెమైనానికి సొంత వాసన ఉంటుంది కాబట్టి సున్నితమైన మల్లె, మొగలి వంటివి అందులో మునిగిపోతాయి.

మన ఎండల సంగతి కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో బయట 44 డిగ్రీలున్న రోజున కిటికీ పక్క అరలో ఉన్న సోయా కొవ్వొత్తి మెత్తబడి పైన నూనె చుక్కలు వేస్తుంది. దీన్నే చెమట పట్టడం అంటారు. పైకి వచ్చిన ఆ నూనె ఎగిరిపోతే కోల్డ్ థ్రో పోయినట్టే. ఎండాకాలంలో పోసేవాళ్లు 75 పాళ్ల సోయాకు 25 పాళ్లు 58 నుంచి 60 డిగ్రీల పారఫిన్ కలిపితే గట్టిదనం వస్తుంది, హాట్ థ్రో కూడా కొంచెం మెరుగుపడుతుంది. కొబ్బరినూనె కలపమనే చిట్కా మాత్రం మన వేసవికి పనికిరాదు, మైనాన్ని ఇంకా మెత్తబరుస్తుంది.

నూనె: కొవ్వొత్తుల కోసమని చెప్పి అమ్మేదే కొనండి. బాడీ స్ప్రేలు, సెంట్లలో ఆల్కహాల్ ఉంటుంది. వేడి మైనంలో పోస్తే ఆవిరై పోవడమే కాదు, పక్కన మంట ఉంటే అంటుకుంటుంది. పన్నీరు, నీళ్లతో చేసిన రూమ్ ఫ్రెషనర్లు మైనంలో కలవవు. అడుగున నీటి బొట్లుగా నిలిచి, వత్తి వాటిని పీల్చినప్పుడు చిటపటలాడి ఆరిపోతుంది. చార్మినార్ దగ్గర దుకాణాల్లో అత్తర్లు చూసి మనసు పడేవాళ్లున్నారు. అత్తర్లకు పేరున్న ఉత్తరప్రదేశ్ ఊరు కన్నౌజ్ పద్ధతిలో గంధపు నూనెలోకి దించిన అసలైన అత్తరు కొవ్వొత్తిలో పోసేంత చవక కాదు. చవకగా దొరికేవాటిలో పలుచన చేయడానికి ఏం కలిపారో తెలియదు. పలుచన చేయడానికి వాడే డైప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవం ఎక్కువగా కలిపిన నూనె అయితే మైనంలో కరగక అడుగుకు దిగుతుంది, వత్తినీ మూసేస్తుంది.

దీనికి ఒక చిన్న పరీక్ష ఉంది. రెండు చెంచాల కరిగిన మైనాన్ని పారదర్శకమైన చిన్న గ్లాసులో తీసుకుని, ఏడెనిమిది చుక్కల నూనె వేసి కలిపి, వెలుతురుకు పట్టి చూడండి. మైనం తేటగానే ఉంటే నూనె కలిసింది. మబ్బు కమ్మినట్టయినా, గట్టిపడ్డాక అడుగున తడి చుక్కలు కనిపించినా ఆ నూనెను పక్కన పెట్టండి.

అమ్మేవాళ్లను ఐఎఫ్‌ఆర్‌ఏ సర్టిఫికెట్ అడగండి. పరిమళ ద్రవ్యాల అంతర్జాతీయ సంఘం పెట్టిన పరిమితుల కాగితం అది. అందులో 12వ వర్గం కింద ఉన్న శాతం కొవ్వొత్తులకు వర్తిస్తుంది. అది భద్రతకు సంబంధించిన గరిష్ఠం. అంత పోయమని దాని అర్థం కాదు. మైనం ఎంత నూనె పట్టుకోగలదన్నది వేరే లెక్క, అది మైనం ప్యాకెట్ మీద ఉంటుంది. రెండింటిలో ఏది తక్కువైతే దానికి కట్టుబడండి.

మొక్కల నుంచి తీసిన ఎసెన్షియల్ ఆయిల్సే వాడాలని పట్టుదల ఉంటే నిమ్మగడ్డి, లవంగం, దాల్చినచెక్క ఆకు, పచౌలి నూనెలతో మొదలుపెట్టండి. ఇవి మంట మీద కొంతైనా నిలుస్తాయి. నారింజ, నిమ్మ నూనెలు ఒంటరిగా నిలవవు.

తూకం, లెక్క

నూనెను మిల్లీలీటర్లలో కాదు, గ్రాముల్లో తూయాలి. పది మిల్లీలీటర్ల నారింజ నూనె, పది మిల్లీలీటర్ల లవంగ నూనె ఒకే బరువు ఉండవు. ఒక గ్రాము తేడా చూపే వంటింటి డిజిటల్ త్రాసు పెద్ద బ్యాచ్‌కు సరిపోతుంది. ఒకటి రెండు డబ్బాల పరీక్షకు 0.1 గ్రాము చూపేది కావాలి.

శాతం అంటే మైనం బరువు మీద శాతం. 150 గ్రాముల మైనానికి 6 శాతం అంటే 9 గ్రాములు, 8 శాతం అంటే 12, 10 శాతం అంటే 15. డబ్బాలో మొత్తం కలిపి 150 గ్రాములే పట్టేటట్టుంటే, 8 శాతానికి 150ని 1.08తో భాగించండి. 139 గ్రాముల మైనం, 11 గ్రాముల నూనె వస్తుంది. డబ్బా ఎంత పడుతుందో తెలియకపోతే నింపాలనుకున్న గీత వరకు నీళ్లు పోసి తూచండి. ఆ బరువును 0.87తో గుణిస్తే మైనం బరువు సుమారుగా వస్తుంది. తర్వాత డబ్బాను ఒక్క తేమ చుక్క కూడా మిగలకుండా ఆరబెట్టండి.

సోయాకు 8 శాతంతో మొదలుపెట్టండి. పారఫిన్‌కు 6 చాలు. ప్యాకెట్ మీద 10 లేదా 12 వరకు పడుతుందని రాసి ఉన్నా మొదటిసారే అక్కడికి వెళ్లొద్దు. మైనం పట్టుకోలేని నూనె బయటికి చెమటగా వస్తుంది. పట్టుకున్నది కూడా మోతాదు మించితే వత్తిలోని సన్నని దారుల్ని జిగటగా మూసేస్తుంది. మంట చిన్నదవుతుంది, మడుగు కుంచించుకుపోతుంది, వాసన తగ్గుతుంది. పన్నెండు శాతం పోసినా ఏమీ రావడం లేదనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

పోయడం

మొదట డబ్బాలను పొడిగా తుడిచి, వత్తి అడుగున ఉండే లోహపు బిళ్లను రెండు వైపులా అంటుకునే స్టిక్కర్‌తో సరిగ్గా మధ్యలో అతికించండి. వత్తి పక్కకు ఒరిగితే మడుగు ఒక పక్కకే పోతుంది. పైన ఐస్‌క్రీమ్ పుల్లకు చీలిక పెట్టి వత్తిని నిటారుగా నిలబెట్టండి.

పెద్ద గిన్నెలో నీళ్లు కాగబెట్టి, అందులో మైనం ఉన్న గిన్నె పెట్టి కరిగించండి. మైనాన్ని నేరుగా స్టవ్ మీద పెట్టకూడదు. ఒకవేళ మైనం అంటుకుంటే నీళ్లు పోయొద్దు, మూత పెట్టి స్టవ్ ఆపేయండి. థర్మామీటర్ తప్పనిసరి, చేత్తో అంచనా వేసే పని కాదిది.

సోయా మైనం 80 డిగ్రీలకు వచ్చాక స్టవ్ ఆపి, గిన్నెను కిందికి దించండి. ప్యాకెట్ మీద వేరే అంకె రాసి ఉంటే అదే పాటించండి. రాసి లేకపోతే 70 నుంచి 80 డిగ్రీల మధ్య నూనె పోయండి. 60 కంటే చల్లబడ్డాక పోస్తే నూనె మైనంలో అంతటా సరిగ్గా పరుచుకోకపోవచ్చు. అలాంటి డబ్బాలో పైన వాసన ఉండదు, అడుగుకు వెళ్లేసరికి మంట పొగలు కక్కుతుంది. 90 దాటిన మైనంలో పోసి మూత లేకుండా పది నిమిషాలు వదిలేస్తే నిమ్మ, పుదీనా వంటి తేలిక వాసనలు వంటింటికే ఖర్చయిపోతాయి.

నూనె సీసా మీద ఫ్లాష్ పాయింట్ 65 అని ఉంటే 75 డిగ్రీల మైనంలో పోస్తే వాసన మాడిపోతుందని కొందరు భయపడతారు. ఆ అంకెకు అర్థం అది కాదు. అంత వేడిలో నూనె నుంచి లేచే ఆవిరికి నిప్పు తగిలితే అంటుకోగలదని చెప్పేది మాత్రమే. అంటే జాగ్రత్త పడాల్సింది గ్యాస్ మంట గురించి. స్టవ్ ఆపాకే, గిన్నె దించాకే నూనె సీసా తెరవమనడం అందుకే.

నూనె పోశాక గరిటెతో నెమ్మదిగా రెండు నిమిషాలు గడియారం చూసి తిప్పండి. అడుగునూ అంచులనూ కలుపుకుంటూ తిప్పాలి. కవ్వంతో చిలికితే గాలి బుడగలు వస్తాయి. రంగు వేయాలంటే మైనంలో కరిగే రంగే వాడండి. పిల్లల క్రేయాన్లు, మెరుపు పొడులు కరగవు. వాటి రేణువులు వత్తిలో చేరి హాట్ థ్రోను మింగేస్తాయి.

సోయాను 55 నుంచి 60 డిగ్రీల దగ్గర, పారఫిన్‌ను 70 నుంచి 75 దగ్గర డబ్బాల్లో పోయండి. పోసే వేడి పైభాగం నునుపును ఎక్కువగా, వాసనను కొద్దిగానే మారుస్తుంది. ఇక్కడ ఒకటి రెండు డిగ్రీల కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఫ్యాన్ కింద మాత్రం చల్లార్చకండి. నెమ్మదిగా ఆరనివ్వండి.

ఊరబెట్టడం

ఆవకాయ కలిపిన రోజే తింటే ఉప్పు, కారం, నూనె విడివిడిగా తెలుస్తాయి కదా, సోయా మైనానిదీ అదే వరస. గట్టిపడ్డాక కూడా దాని స్ఫటికాలు కొన్ని రోజులపాటు కుదురుకుంటూనే ఉంటాయి. 24 గంటల తర్వాత మూత బిగించి, ఎండ తగలని చోట, గది వేడిలో ఉంచండి. పారఫిన్‌కు మూడు రోజులు చాలు. సోయాకు పద్నాలుగు రోజులు ఇవ్వండి, పది రోజులకు తగ్గొద్దు. ఫ్రిజ్‌లో పెట్టి తొందరపెట్టినా ఇది ముందుకు జరగదు, పైగా మైనం గాజు నుంచి విడివడి మచ్చలు పడుతుంది.

మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగో రోజు మూత తీసి ఒక్కసారి వాసన చూసి రాసుకోండి. మూత తీసిన తక్షణం వచ్చేది డబ్బాలో పోగుపడిన గాలి, అది మోసం చేస్తుంది. మూత తీసి పది నిమిషాలు ఆగి, జానెడు దూరం నుంచి చూడండి. కోల్డ్ థ్రోను తూచాల్సింది అప్పుడే.

వత్తి: అసలు పని ఇక్కడ

ముందు ఒక మాట. దీపారాధనకు వాడే దూది వత్తి గానీ పురికొస గానీ ఇక్కడ పనికిరావు. ప్రమిదలో వత్తికి అంచు ఆసరా ఉంటుంది, నూనె ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది. కొవ్వొత్తి వత్తి కరిగిన మైనంలో తనంతట తాను నిటారుగా నిలబడాలి, కాలుతూ కొన వంగి తనను తాను కత్తిరించుకోవాలి. అందుకే దాన్ని అల్లి, మైనం పట్టించి తయారుచేస్తారు.

బజారులో సీడీ, ఎకో వంటి పేర్లతో, పక్కన అంకెలతో వత్తులు దొరుకుతాయి. ఒకే పేరులో అంకె పెరిగేకొద్దీ మంట బలం పెరుగుతుంది. ఒక రకంలో 10 అంకె వేసినది మరో రకంలో 10తో సమానం కాదు. డబ్బా లోపలి వెడల్పును స్కేలుతో కొలవండి, బయటి వెడల్పు వద్దు. అమ్మేవాళ్ల పట్టికలో ఆ వెడల్పుకు చెప్పిన వత్తితో పాటు దానికి ఒక సైజు చిన్నదీ ఒక సైజు పెద్దదీ కొనండి. పట్టికలు చాలావరకు వాసన లేని మైనాన్నో, మామూలు మోతాదునో దృష్టిలో పెట్టుకుని వేసినవి. మీ నూనెలో వెనిలిన్ ఎక్కువుంటే, రంగు చిక్కగా ఉంటే, ఒక సైజు పెద్దది కావాల్సి రావచ్చు. తొమ్మిది సెంటీమీటర్లు దాటిన వెడల్పుకు ఒక లావు వత్తి కంటే రెండు సన్నవి మేలు. ఒకే పెద్ద మంట మధ్యలో మైనాన్ని ఉడికించి అంచుల్ని వదిలేస్తుంది.

ఇప్పుడు పరీక్ష. ఒకే బ్యాచ్ మైనం, ఒకే 8 శాతం నూనె, ఒకే రకం మూడు డబ్బాలు, మూడు సైజుల వత్తులు. పద్నాలుగు రోజులు ఊరాక వత్తిని 5 మిల్లీమీటర్లకు కత్తిరించి వెలిగించండి. ప్రతి గంటకూ నాలుగు విషయాలు రాయండి: మడుగు వెడల్పు, లోతు, మంట ఎత్తు, డబ్బా బయటి వేడి. వాసన వేరే గీతలో రాసుకోండి. నాలుగు గంటలకు ఆర్పేయండి. మైనం పూర్తిగా గట్టిపడ్డాక మర్నాడు మళ్లీ కత్తిరించి వెలిగించాలి.

ఏడు సెంటీమీటర్ల డబ్బాకు ఉండాల్సిన లెక్క ఇది. గంటకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల చొప్పున మడుగు విస్తరిస్తూ మూడు గంటలకు అంచుకు చేరాలి. లోతు 6 నుంచి 12 మిల్లీమీటర్లు ఉండాలి. మంట కదలకుండా రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో నిలవాలి. డబ్బాను పైభాగంలో పట్టుకుంటే వేడిగా తెలియాలి గానీ చెయ్యి వెనక్కి లాక్కునేంత కాలకూడదు.

నాలుగు గంటలైనా అంచున అర సెంటీమీటర్ కంటే మందంగా గట్టి మైనం మిగిలితే వత్తి చిన్నది. మడుగు ఉపరితలం తక్కువ కాబట్టి వాసన కూడా అంతే. గంటకే అంచు తాకి, లోతు ఒకటిన్నర సెంటీమీటర్లు దాటి, వత్తి కొనన పుట్టగొడుగులా నల్లటి ముద్ద కట్టి, గాజు మీద మసి పడుతుంటే వత్తి పెద్దది. ఇది మొదట్లో వాసన బ్రహ్మాండంగా ఇస్తుంది, అందుకే మోసపోతారు. మితిమీరిన వేడిలో తేలిక వాసనలు తొలి గంటలోనే ఎగిరిపోయి, తర్వాత మిగిలేది కాలిన కమురు. గాజు పగిలే ప్రమాదం కూడా ఈ సైజులోనే.

తొలిసారి వెలిగించినప్పుడు అంచున పలుచని మైనపు పొర మిగిలినా కంగారు పడొద్దు. మంట కిందికి దిగేకొద్దీ గాజు గోడలు వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, మడుగు తనంతట తాను వెడల్పవుతుంది. మొదటిరోజే మూడు గంటలు కాకముందే అంచుకు అంచు కరిగించే వత్తి సగం డబ్బా అయ్యేసరికి మరీ వేడెక్కుతుంది. అందుకే ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకుండా డబ్బా అడుగున సెంటీమీటర్ మైనం మిగిలేదాకా పరీక్షించాలి. విసుగు పుట్టించే పనే, కానీ దీనికి దగ్గరి దారి లేదు.

వత్తి కుదిరాకే నూనె శాతం మార్చి చూడండి: 6, 8, 10. ఒకసారి ఒక్కటే మార్చాలి. నూనె రకం మారిస్తే వత్తి పరీక్ష మళ్లీ మొదటికి వస్తుంది. మల్లెకు కుదిరిన వత్తి గంధానికి కుదరాలని లేదు.

లోపం ఎక్కడుందో పట్టుకోవడం

తప్పు నూనెదా, వత్తిదా అన్నది ఒక గంటలో తేలిపోతుంది. పోసేటప్పుడే అదే మిశ్రమం 20 గ్రాములు విడిగా ముద్దగా ఆరబెట్టి దాచండి. కింద టీ లైట్ అనే చిన్న బిళ్ల కొవ్వొత్తి పెట్టి పైన గిన్నెలో నూనె వేడిచేసే అరోమా బర్నర్ ఉంటుంది కదా, అందులో ఆ ముద్దను వత్తి లేకుండా కరిగించండి. గది నిండితే నూనె, మోతాదు, కలిపిన తీరు అన్నీ బాగున్నట్టే, తప్పు వత్తిది. అక్కడా వాసన రాకపోతే వత్తుల మీద డబ్బు తగలేయొద్దు, నూనె మార్చండి.

కోల్డ్ థ్రో బాగుండి హాట్ థ్రో లేకపోతే మొదట వత్తిని అనుమానించండి. ఆ తర్వాత చూడాల్సింది నూనె కూర్పు. పూర్తిగా పుల్లటి పండ్ల వాసనలైతే వాటికి అడుగున పట్టు ఉండదు. నూనె మొత్తంలో పదో వంతు నుంచి ఐదో వంతు వరకు గంధం, పచౌలి, వెనిల్లా వంటి బరువైన వాసన చేర్చండి. వెనిల్లా మైనాన్ని కొన్ని రోజుల్లో లేత గోధుమ రంగుకు తిప్పుతుంది, తెల్లగానే ఉండాలంటే గంధం వైపు వెళ్లండి.

వెలిగిస్తే బాగుండి, వెలిగించకముందు ఏమీ లేకపోతే అది లోపమే కాకపోవచ్చు. సోయా స్వభావమే అంత, బరువైన వాసనలైతే ఇంకా అణిగి ఉంటాయి. మరో వారం ఊరనివ్వండి. అమ్మకానికి పెట్టి మూత తీయగానే ఆకట్టుకోవాలనుకుంటే కొంచెం తేలిక వాసన చేర్చడమో, పారఫిన్ పాలు పెంచడమో చేయాలి.

రెండూ లేకపోతే వరసగా అడుగుతూ పోండి. నూనెను గ్రాముల్లో తూచారా? ఎంత వేడిలో పోశారు? నూనె సీసా ఎన్నాళ్లుగా మూత వదులుగా ఉంది? మొదటి రెండు మూడుసార్లు బాగా వచ్చి, తర్వాత తగ్గిపోతే వత్తి పూడుకుపోయింది. ప్రతిసారీ వెలిగించేముందు నల్లటి కొనను తీసి 5 మిల్లీమీటర్లకు కత్తిరించడం మానేసినప్పుడు ఇలా అవుతుంది. మధ్యలో గుంటపడి చుట్టూ గోడలా మైనం నిలిచిపోయిన డబ్బాను పారేయనక్కర్లేదు. వెలిగించి, పైన అల్యూమినియం ఫాయిల్‌ను మధ్యలో మంటకు గాలి అందేలా రంధ్రం వదిలి కప్పండి. గంటలోపు గోడలు కరుగుతాయి. ఈలోగా పక్కనే ఉండాలి, ఫాయిల్ తీసేటప్పుడు గుడ్డ పట్టుకోవాలి.

గది, ఫ్యాన్, ముక్కు

మన ఇళ్లలో హాట్ థ్రోకు పెద్ద శత్రువు సీలింగ్ ఫ్యాన్. అది వాసనను కిటికీలోంచి తోసేస్తుంది. మంటను పక్కకు వంచి మడుగును ఒక వైపే కరిగిస్తుంది, మసి కూడా లేపుతుంది. ఫ్యాన్ కింద చేసిన పరీక్షకు విలువ లేదు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పున్న గదిలో ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, కొవ్వొత్తిని కర్టెన్లకు దూరంగా, నడుము ఎత్తున్న బల్ల మీద పెట్టి, అందరూ బయటికి వచ్చేసినా మధ్యమధ్య కనిపెట్టుకుని ఉండండి. రెండు గంటలయ్యాక లోపలికి వెళ్లి వాసన చూడాలి.

మీ ముక్కును మాత్రం నమ్మకండి. నూనె తూచి, పోసి, పద్నాలుగు రోజులు అదే గదిలో తిరిగిన ముక్కు ఆ వాసనకు అలవాటుపడిపోతుంది. పూలకొట్టు అతనికి మల్లెలు తెలియనట్టు. కనీసం ఇరవై నిమిషాలు బయటి గాలిలో ఉండి రండి, లేదా ఏం వాసనో చెప్పకుండా పక్కింటివాళ్లను పిలిచి గుమ్మం దగ్గర నిలబెట్టి అడగండి. గుమ్మం దగ్గరే తెలిస్తే 5, గది మధ్యలో తెలిస్తే 3, కొవ్వొత్తి మీదికి వంగితేనే తెలిస్తే 1 అని మార్కులు వేయండి.

ఒకే డబ్బా పది అడుగుల పడకగదిలో 5 తెచ్చుకుని, వంటిల్లు కలిసిపోయిన పెద్ద హాల్లో 2 దగ్గర ఆగిపోవడం సహజం. అక్కడ నూనె పెంచకండి, మామూలు డబ్బాలు రెండింటిని ఎదురెదురు మూలల్లో పెట్టండి. ఆస్తమా ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉన్న గదిలో ఇంత మూసిపెట్టి వెలిగించొద్దు.

డబ్బా అడుగున సెంటీమీటర్ మైనం మిగిలినప్పుడు ఇక వెలిగించకూడదు, అడుగు గాజు వేడికి పగులుతుంది. ఆ మిగిలినదాంట్లోనూ వాసన ఉంటుంది. డబ్బాను వేడినీళ్ల గిన్నెలో పెడితే మైనం కరిగి ఊడి వస్తుంది. ముక్కలు చేసి అరోమా బర్నర్‌లో వేసుకోండి, ఇంకో నాలుగైదు సాయంత్రాలకు వస్తుంది.